బేస్‌లైన్ పెట్టాం సరే, సోమవారం ఏం చేయాలి?

ప్రశ్న: నేను తెలంగాణలో ఒక స్కూల్ కాంప్లెక్స్‌కు హెచ్‌ఎంని. మా కింద 12 ప్రాథమిక పాఠశాలలు, 36 మంది టీచర్లు ఉన్నారు. వాటిలో నాలుగు సింగిల్ టీచర్ బడులు. 3, 4, 5 తరగతుల్లో చాలామందికి రెండో తరగతి వాచకం కూడా చదవడం రాదు. ఏటా బేస్‌లైన్ (పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో చూసే మొదటి పరీక్ష) పెడతాం, ఆన్‌లైన్లో ఎక్కిస్తాం, ఆ తర్వాత అంతా మామూలే. ఈసారి రెండు రోజుల ట్రైనింగ్ మా కాంప్లెక్స్ స్థాయిలోనే నడపాలనుకుంటున్నాం. పిల్లల స్థాయి తెలుసుకోవడం, వెనకబడిన వాళ్లను పైకి తేవడం, ఈ రెండూ టీచర్లకు ఎలా నేర్పించాలి? "మాకు తెలియనిదేముంది" అనేవాళ్లే ఎక్కువ.

సమాధానం:

హెచ్‌ఎం గారూ, "ఆ తర్వాత అంతా మామూలే" అని మీరే రాశారు. మీ ట్రైనింగ్ అంతా ఆ వాక్యం చుట్టూ తిరగాలి. పరీక్ష ఎలా పెట్టాలో నేర్పడానికి మొత్తం సమయంలో మూడో వంతు చాలు. మిగతా రెండు వంతులు ఆ ఫలితం చూసి మర్నాడు తరగతిలో ఏం మారుస్తారన్న దానికి ఇవ్వండి. చాలా ట్రైనింగుల్లో ఇది తలకిందులవుతుంది: రెండు రోజులూ ఫార్మాట్లు, యాప్, పీపీటీలు, చివరి అరగంటలో "ఇక రెమిడియల్ టీచింగ్ చేయండి" అని ఒక మాట.

దీనికి మన దేశంలోనే రుజువు ఉంది. 2012-13లో హర్యానాలో సుమారు 400 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో రెండు పద్ధతులను పక్కపక్కనే పెట్టి చూశారు. ఒకటి సీసీఈ, అంటే మనకు బాగా తెలిసిన నిరంతర సమగ్ర మూల్యాంకనం. టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చారు, రికార్డులు రాయించారు. పిల్లల చదువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండోది పిల్లల చదువు మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ పద్ధతి. 3, 4, 5 తరగతుల పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి, రోజూ ఒక గంట కేటాయించి నేర్పారు. అక్కడ హిందీ చదవడం, రాయడం మెరుగుపడ్డాయి. రెండు చోట్లా టీచర్లు మామూలు సర్కారు బడి టీచర్లే. ఒక చోట పిల్లవాడి గురించి రాశారు, రెండో చోట పిల్లవాడు కూర్చునే చోటునీ చేసే పనినీ మార్చారు. తేడా అదే.

అదే హర్యానా ప్రయోగంలో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. టీచర్లకు నేర్పి, తర్వాత బడులకు వెళ్లి చూడాల్సిన బ్లాక్ స్థాయి సిబ్బంది ముందుగా తామే 15 నుంచి 20 రోజులు పిల్లలకు ఆ పద్ధతిలో పాఠం చెప్పారు. ఆ తర్వాతే ట్రైనర్లయ్యారు. "మాకు తెలియనిదేముంది" అన్న మాటకు ఇంతకన్నా మంచి జవాబు ఉండదు. మీరు, మీ సీఆర్‌పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), చురుకైన ఇద్దరు ఎస్‌జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) కలిసి నలుగురు ట్రైనర్లనుకుందాం. జూన్ 12న బడి తెరిచాక నెలాఖరు దాకా సుమారు 15 పని దినాలు దొరుకుతాయి. ఆ 15 రోజులు రోజుకో గంట మీ నలుగురూ ఒక్కో గుంపును పట్టుకుని నేర్పండి. ఆ తర్వాత ట్రైనింగ్‌లో ఎవరైనా "ఇది మా పిల్లలతో కాదు సార్" అంటే, మీ నోట్‌బుక్ తెరిచి ఏ పిల్లవాడు ఏ రోజున ఎక్కడ ఆగాడో చూపించగలుగుతారు.

ఇక ట్రైనింగ్ ఏర్పాటు. 36 మందిని 18 చొప్పున రెండు బ్యాచ్‌లు చేయండి. దాంతో బడులు పూర్తిగా మూతపడవు. సింగిల్ టీచర్లు నలుగురూ ఒకే బ్యాచ్‌లో పడకుండా చూడండి, ఆ రోజుకు పక్క బడి నుంచి ఒకరిని సర్దవచ్చు. రెండు రోజులనూ వరసగా పెట్టకండి. మొదటి రోజుకీ రెండో రోజుకీ మధ్య వారం నుంచి పది రోజులు ఎడం ఉండాలి. ఆ ఎడంలో ప్రతి టీచరూ తన పిల్లలను తానే పరీక్షించి, ఆ కాగితంతో రెండో రోజుకు రావాలి. కాగితం లేకుండా వచ్చిన వాళ్లకు రెండో రోజు చేయడానికి పని ఉండదు. ముందే ఆ మాట చెప్పేయండి.

వేదిక ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం) హాలు కాకూడదు. 3, 4, 5 తరగతుల్లో కనీసం 40 మంది పిల్లలున్న బడిలో, పని దినం రోజున పెట్టండి. పిల్లలు లేని ట్రైనింగ్ నీళ్లు లేని చోట ఈత నేర్పినట్టే.

మొదటి రోజు ఉదయం గంటలో పరీక్షా పత్రం పరిచయం అయిపోవాలి. కొత్తగా తయారు చేసుకోనక్కర్లేదు. పల్లె పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వేలో ప్రథమ్ వాళ్లు 2005 నుంచి వాడుతున్న నమూనా చాలు: పది అక్షరాలు, పది చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల కథ. పేరా ఒకటో తరగతి స్థాయిది, కథ రెండో తరగతి స్థాయిది. పరీక్ష పేరాతో మొదలవుతుంది, అక్షరాలతో కాదు. పేరాను పదం పదం విడగొట్టకుండా, వాక్యంలా, మూడుకు మించకుండా తప్పులతో చదివితే కథ ఇవ్వండి. చదవలేకపోతే పదాలకు రండి. పిల్లవాడు తనకు నచ్చిన అయిదు పదాలు చదువుతాడు, నాలుగు సరైతే పద స్థాయి. కాకపోతే అక్షరాలు, అక్కడా అయిదింట నాలుగు. అదీ రాకపోతే ప్రారంభ స్థాయి. ఒక్కొక్కరికి చదవడానికి అయిదారు నిమిషాలు, లెక్కలకు మరో నాలుగైదు నిమిషాలు పడుతుంది.

పిల్లల పాఠ్యపుస్తకాన్ని మాత్రం పరీక్షకు వాడొద్దు. మూడో తరగతి పిల్లల్లో చాలామందికి మొదటి నాలుగు పాఠాలు నోటికొస్తాయి. వేలు ఒక చోట, మాట ఇంకో చోట ఉంటుంది. అనుమానం వస్తే పేజీలో చివరి వాక్యం ముందు చదవమనండి, బట్టీ అయితే అక్కడే బయటపడుతుంది. పత్రాలు కూడా కనీసం నాలుగు రకాలు ఉండాలి. వరసలో వెనక కూర్చున్నవాడు ముందువాడి కథ విని అప్పజెప్పేస్తాడు.

తర్వాత రెండు గంటలు అసలు పని. 18 మంది తొమ్మిది జంటలవుతారు. ఒక్కో జంటకు నలుగురు పిల్లలు. ఒకరు అడుగుతారు, ఇద్దరూ విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా స్థాయి రాస్తారు. ఇద్దరు పిల్లలయ్యాక పాత్రలు మార్చుకుంటారు. చదువు, లెక్కలు కలిపి ఒక్కో జంటకు ఎనిమిది నిర్ణయాలు వస్తాయి. వాటిలో ఏడైనా ఇద్దరికీ ఒకటే రాకపోతే, ఆ జంటకు నిబంధన అర్థం కాలేదన్నమాట. వాళ్ల చేత ఇంకో ఇద్దరు పిల్లలను పరీక్షింపజేయండి. ఉపన్యాసం చేయలేని పని ఈ పోలిక చేస్తుంది. పక్కనున్న టీచరు 'అక్షర స్థాయి' అని రాసిన చోట తాను 'పద స్థాయి' అని రాస్తే, తానెక్కడ చేయందించాడో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చేయందించడం అన్నాను కదా, టీచర్లు పరీక్షించేటప్పుడు చేసే తప్పుల్లో మొదటిది అదే. పిల్లవాడు "చె..." అని ఆగగానే "చెరు..." అని అందించేస్తారు. ఇరవై ఏళ్ల అలవాటు అది, దయ కూడా. తలూపడం, పెదవులు కదపడం, "ఊఁ ఊఁ" అనడం కూడా అందించడమే. రెండోది, పదిమంది ముందు పరీక్షించడం. తప్పు చదివితే నవ్వుతారన్న భయంతో, చదవడం వచ్చిన పిల్ల కూడా నోరు విప్పదు. వరండాలో చాప వేసి, పిల్లల పక్కన కింద కూర్చుని అడగాలి. మూడోది, నెమ్మదిగా చదివే పిల్లను తక్కువ స్థాయిలో వేయడం. నెమ్మది వేరు, కూడబలుక్కోవడం వేరు. ఆగి, ఆలోచించి, తప్పును తానే దిద్దుకుని వాక్యం పూర్తి చేస్తే అది తప్పు కిందికి రాదు.

భాష విషయంలో ఒక స్పష్టత ముందే ఇవ్వండి, లేకపోతే మధ్యాహ్నమంతా వాదనే అవుతుంది. పుస్తకంలో "వచ్చాడు" అని ఉంటే పిల్లవాడు "వచ్చిండు" అని చదివాడనుకోండి. అది తప్పు కాదు. అర్థం పట్టుకుని తన మాటలోకి మార్చుకున్నాడు, నిజానికి మంచి గుర్తు. "చెరువు"ను "చెరుకు" అని చదివితే అది తప్పు. లంబాడీ, గోండి, కోయ మాట్లాడే పిల్లల దగ్గర ఒక మెట్టు ఎక్కువ కావాలి: పదం సరిగ్గా చదివినా దాని అర్థం తెలుసా అని తెలుగులోనో, వాళ్ల భాషలోనో, బొమ్మ చూపించో అడగాలి. చదవగలిగి అర్థం కాని పిల్లకీ, అర్థమైనా చదవలేని పిల్లకీ చేయాల్సిన పని ఒకటి కాదు.

నిమిషానికి ఎన్ని పదాలు అన్న లెక్క గురించి అడుగుతారు. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు అని ఉంది. లక్ష్యంగా మంచిదే. కానీ తెలుగులో "వెళ్ళిపోతున్నాడు" అన్నది ఒకే పదం, అందులో ఆరు అక్షరాలు, రెండు ఒత్తులు. ఇలాంటి పదాలున్న పేరాలో 40 చదివిన పిల్ల, "తల, వల" లాంటి పదాలున్న పేరాలో 60 చదివిన పిల్లకన్నా వెనకబడినట్టు కాదు. స్టాప్‌వాచ్‌ను కథ స్థాయి పిల్లలకే పరిమితం చేయండి. అక్షరాల దగ్గర తడబడే పిల్ల ముందు గడియారం పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

లెక్కల పత్రం విషయంలో ఒక చిన్న మెలకువ. తీసివేతకు 52 - 27 లాంటి లెక్క ఎప్పుడూ ఇవ్వకండి. సరైన జవాబు 25. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసే పిల్లవాడు 7లోంచి 2 తీసి, 35 అని రాస్తాడు. అప్పు తెచ్చుకుని, పదుల స్థానంలో తగ్గించడం మరిచిపోయే పిల్ల 12లోంచి 7 తీసి, అదీ 35 అనే రాస్తుంది. రెండు వేర్వేరు తప్పులకు ఒకటే జవాబు. ఒకట్ల స్థానంలో అంకెల తేడా 5 అయినప్పుడల్లా ఇదే జరుగుతుంది. బదులుగా 53 - 26 ఇవ్వండి. సరైనది 27. మొదటి పిల్లవాడు 33 రాస్తాడు, రెండో పిల్ల 37 రాస్తుంది. జవాబు చూడగానే రోగం తెలుస్తుంది. 70 - 34 కూడా ఇవ్వండి. 44 వచ్చినా, 40 వచ్చినా, 46 వచ్చినా ఒక్కోదానికీ ఒక్కో కారణం.

ఎందుకింత పట్టింపు అంటే మందు మారుతుంది కాబట్టి. 37 రాసిన పిల్లకు పద్ధతి తెలుసు, రాతలో ఒక మెట్టు జారుతోంది. రెండు రోజులు పక్కన కూర్చుని, పదుల అంకె కొట్టేసి కొత్తది పైన రాయించడం అలవాటు చేస్తే సరిపోతుంది. 33 రాసిన పిల్లవాడికి 53 అంటే ఒక సంఖ్య కాదు, పక్కపక్కనున్న రెండు అంకెలు. అతనికి చీపురు పుల్లల కట్టలు కావాలి: పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు మూడు. "ఆరు పుల్లలివ్వు" అంటే చేతిలో మూడే ఉంటాయి, కట్ట విప్పక తప్పదు. ఈ పని రెండు వారాలు పడుతుంది. ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి "తీసివేతలు రానివాళ్లు" అని అవే ఇరవై లెక్కలు చేయిస్తే, 37 రాసిన పిల్లకు విసుగు, 33 రాసినవాడికి భయం. సంఖ్యలు రాయడంలోనూ అంతే. "నూట అయిదు" రాయమంటే 1005 రాసిన పిల్లకు విన్నది విన్నట్టు రాయడం వచ్చు, స్థానాలు రావు. ఇంగ్లిష్ మీడియంలో థర్టీన్ అంటే 30 రాసే పిల్లకు చెవి సమస్యా లెక్క సమస్యా అన్నది "పదమూడు" అని తెలుగులో అడిగితే తేలిపోతుంది.

మొదటి రోజు ముగిసే ముందు ప్రతి టీచరు చేతా ఒక పని చేయించండి. తన 3, 4, 5 తరగతుల పిల్లల పేర్లు రాసి, ఎదురుగా ఎవరు ఏ స్థాయిలో ఉంటారో అంచనా రాయమనండి. ఆ కాగితం కవర్లో పెట్టి, సంతకం చేసి, మీకిచ్చి వెళ్లాలి. రెండో రోజు ఉదయం కవర్లు విప్పి అసలు ఫలితంతో పోల్చుకుంటారు. అందరికన్నా ముందున్నవాళ్లు, అందరికన్నా వెనకున్నవాళ్ల దగ్గర అంచనా సాధారణంగా సరిపోతుంది. తప్పేది మధ్యలో, ముఖ్యంగా ముత్యాల్లాంటి రాతతో బోర్డు మీదది దించేసి, నిశ్శబ్దంగా కూర్చునే పిల్లల దగ్గర. నోట్సు నిండుగా ఉంటుంది, పేరా ఇస్తే రెండో పదం దగ్గరే ఆగిపోతారు. "మాకు తెలియనిదేముంది" అన్న మాట ఎవరూ ఎవరినీ నొప్పించకుండా ఇక్కడ కరిగిపోతుంది. కవర్ ఎవరిది వాళ్లే చూసుకోవాలి, పైకి చదివించొద్దు.

రెండో రోజు గుంపులు చేయడంతో మొదలవుతుంది. ఒక బడిలో 3, 4, 5 తరగతులు కలిపి 42 మంది, ఇద్దరు టీచర్లనుకోండి. ప్రారంభ, అక్షర స్థాయిల్లో 14 మంది, పద స్థాయిలో 12, పేరా, కథ స్థాయిల్లో 16. ఈ మూడు గుంపుల్లో ఎవరు ఎవరిని తీసుకోవాలి? అనుభవమున్న టీచరు సహజంగా కథ గుంపు కోరుకుంటారు, కింది గుంపు కొత్తగా వచ్చినవాళ్ల నెత్తిన పడుతుంది. ఇది తిరగబడాలి. అందరికన్నా బాగా చెప్పగలిగినవాళ్లు 14 మంది గుంపు దగ్గరుండాలి. రెండో టీచరు మిగతా రెండు గుంపులనూ చూస్తారు, పేరా, కథ గుంపు కొంతసేపు తమంతట తాము పని చేయగలదు కాబట్టి. ఐదో తరగతి పిల్లవాడు మూడో తరగతి పిల్లలతో కూర్చోవడానికి సిగ్గుపడతాడన్నది నిజమైన ఇబ్బందే. గుంపులకు అంకెలు, ఏ బీ సీలు కాకుండా చెట్ల పేర్లో నదుల పేర్లో పెట్టండి. అతనికి గుంపులో ఒక బాధ్యత, కార్డులు పంచడమో చాప పరచడమో అప్పగించండి.

గుంపులకు రోజూ ఇచ్చే గంటను టైమ్‌టేబుల్లో అచ్చంగా రాసి పెట్టాలి, మొత్తం కాంప్లెక్స్‌కు ఒకే వేళ అయితే ఇంకా మంచిది. "వీలున్నప్పుడు" అన్న గంట ఎన్నడూ రాదు. ఆటల (పీఈటీ) పీరియడ్‌నూ మధ్యాహ్న భోజనం తర్వాత ఆటనూ కోసి ఆ గంట తీయకండి. వెనకబడిన పిల్లకు ఆట పోగొట్టడమే శిక్షగా కనిపిస్తుంది. భాష, లెక్కలు రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దన్నది మా సలహా. జులైలో తెలుగుతో మొదలుపెట్టి, టీచర్లకు గుంపులు నడపడం చేతికొచ్చాక ఆగస్టులో లెక్కలు చేర్చండి.

ఏ గుంపుకు ఏం చేయాలో రెండో రోజంతా చేయించండి, చెప్పడం కాదు. టీచర్లే పిల్లలై కూర్చోవాలి, తర్వాత నిజం పిల్లలతో చేయాలి. అక్షర గుంపు సంగతి కొంచెం వివరంగా చెబుతాం, ఎక్కువ పొరపాట్లు అక్కడే. అ నుంచి ఱ దాకా వర్ణమాల మొత్తం పూర్తయ్యాకే పదాలు అనే పద్ధతిలో ఈ పిల్లలు ఇప్పటికే రెండు మూడేళ్లు ఓడిపోయారు. మళ్లీ అదే దారిలో నడిపించొద్దు. త, ల, వ, ప, డ అనే అయిదు అక్షరాలు తీసుకుంటే మొదటి రోజే తల, వల, వడ, పడవ చదివేస్తారు. దీర్ఘం ఒక్కటి చేర్చగానే తాత, పాప, వాడ వస్తాయి. గుణింతాల చార్టు రోజూ పది నిమిషాలు, అడ్డంగా ఒక రోజు, నిలువుగా ఒక రోజు, మధ్యలోంచి ఒక రోజు చదివించాలి. ఎప్పుడూ అడ్డంగానే చదివిస్తే అది పాటయిపోతుంది, కళ్లు చార్టు మీద ఉండవు. చార్టు చదివాక వెంటనే ఆ అక్షరాలతో పదం కట్టించాలి, కార్డులు పేర్చి. ప, వ, మ, య ఒకలా కనిపించేవాళ్లకు, ద-ధ, ప-ఫ తేడా తెలియనివాళ్లకు రెండేసి అక్షరాలు పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా ఉందో వేలితో చూపించమనండి. పదిసార్లు రాయించడం కన్నా ఇది త్వరగా పని చేస్తుంది.

పద స్థాయి గుంపుకు అడ్డుపడేవి ఒత్తులు. ముందు అమ్మ, అక్క, చెట్టు లాంటి ద్విత్వాలు, తర్వాత పద్మ, భక్తి లాంటి సంయుక్తాలు, రాష్ట్రం, సంస్కృతి లాంటివి ఆఖరున. ఈ గుంపు పదాల జాబితాలు చదువుతూ కూర్చుంటే అక్కడే ఉండిపోతుంది. మొదటి వారం నుంచే నాలుగు వాక్యాల పేరా బోర్డు మీద పెద్దగా రాసి, టీచరు వేలితో చూపిస్తూ ఒకసారి, అందరూ కలిసి ఒకసారి, ఇద్దరిద్దరుగా ఒకసారి చదవాలి. పేరా, కథ గుంపుకు లైబ్రరీ పుస్తకాలు తాళం తీసి ఇవ్వండి. చదివింది సొంత మాటల్లో చెప్పించడం, "ఎందుకు" అన్న ప్రశ్నకు రెండు వాక్యాలు రాయించడం వాళ్ల పని.

సింగిల్ టీచర్ బడికి ఈ లెక్క కుదరదు కదా అంటారు. కుదురుతుంది, గంటను కోసుకోవాలి. మొదటి పది నిమిషాలు అందరూ కలిసి టీచరు చదివే కథ వినడం. తర్వాత 20 నిమిషాలు టీచరు అక్షర గుంపుతో, ఒకటో తరగతి పిల్లలు కూడా ఇందులోనే. ఆ సమయంలో పద గుంపు నిన్నటి పేరాను జంటలుగా చదువుతుంది, పై గుంపు పుస్తకాలతో ఉంటుంది. తర్వాతి 20 నిమిషాలు టీచరు పద గుంపుతో, అక్షర గుంపు కార్డులతో పలకల మీద పదాలు కడుతుంది. ఆఖరి పది నిమిషాలు ముగ్గురు పిల్లల్ని మాత్రం ఒక్కొక్కరినీ చదివించి వినడం. రోజుకు ముగ్గురంటే వారానికి 18 మంది, అందరూ కలిపి 24 మంది ఉన్న బడిలో అది తక్కువేం కాదు. పెద్ద పిల్లలతో చిన్నవాళ్లకు చెప్పించడం పది నిమిషాలకు మించకూడదు. వాళ్లూ నేర్చుకోవడానికే వచ్చారు.

రికార్డు ఒక్క కాగితం చాలు. పిల్లల పేర్లు, జులై, ఆగస్టు, సెప్టెంబర్ గడులు, గడిలో ప్రా, అ, ప, పే, క అన్న పొట్టి అక్షరాలు. జులై రెండో వారంలో గుంపులు మొదలైతే బతుకమ్మ సెలవుల్లోపు 50 పని దినాల దాకా దొరుకుతాయి. మధ్యలో, 20 - 25 రోజులకు ఒకసారి అందరినీ మళ్లీ పరీక్షించి గుంపులు మార్చండి. ఈలోపు ఎవరైనా దాటిపోతే ఆ రోజే పై గుంపుకు పంపవచ్చు. పరీక్ష రోజున రాని పిల్లల పేర్లు ఎరుపు సిరాతో రాయించండి. ఎక్కువ సాయం కావాల్సిన పిల్లలు తరచూ వాళ్లలోనే ఉంటారు, వారంలోపు వాళ్లనూ చూడాలి. లేకపోతే మీ బేస్‌లైన్ రోజూ వచ్చే పిల్లల బేస్‌లైన్ అవుతుంది.

అంకెలు పెంచి రాయడం గురించి మీరు అడగలేదు కానీ మీ ఉత్తరంలో ఆ వాసన ఉంది. జులైలో తక్కువ చూపిస్తే మెమో వస్తుందన్న భయం ఉన్నంత కాలం నిజం కాగితం మీదికి రాదు. మొదటి రోజే చెప్పండి: జులై అంకెలతో ఏ బడినీ మరో బడితో పోల్చను, రివ్యూ మీటింగ్‌లో చదవను, సెప్టెంబర్‌కు ఎంతమంది ఎన్ని మెట్లు ఎక్కారన్నదే చూస్తాను. జులైలో పెంచి రాసినవాళ్లకు సెప్టెంబర్‌లో ఎక్కడానికి మెట్లుండవు, అది వాళ్లకే తెలిసిపోతుంది. ఆ మాట మీద మీరు నిలబడాలి, పైనుంచి ర్యాంకుల జాబితా అడిగినా సరే. ప్రతి బడిలో పదిమందిలో ఒకరిని మీరో సీఆర్‌పీనో మళ్లీ పరీక్షించి సరిచూడండి. తేడా వస్తే కాగితం మీద సంతకం అడగకుండా, ఆ టీచరుతో కలిసి ఇంకో ఇద్దరు పిల్లలను చూడండి.

ట్రైనింగ్ తర్వాత మొదటి నెలలో ప్రతి బడికీ కనీసం రెండుసార్లు వెళ్లాలి, ఆ గంట వేళకే. 20 నిమిషాలు వెనక కూర్చుని గుంపు చూడటం, ముగ్గురు పిల్లలను చదివించి వినడం, టీచరుతో పది నిమిషాలు మాట్లాడి ఒకే ఒక మార్పు సూచించడం. రిజిస్టర్లు, మరుగుదొడ్ల శుభ్రత, గుడ్ల లెక్క ఇంకో రోజు చూసుకోవచ్చు. అన్నీ ఒకే రాకలో చూసే అధికారి ముందు టీచరు రిజిస్టర్లే సర్దుకుంటారు.

మూడు వారాలు రోజూ వచ్చి, గుంపులో పని చేసి కూడా ఒక్క మెట్టూ కదలని పిల్లలు ప్రతి బడిలో ఒకరిద్దరు ఉంటారు. ముందు కన్ను, చెవి చూపించండి. బోర్డు దగ్గరికి పిలిస్తే చదువుతాడా, వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా అన్నది టీచరే చూడవచ్చు, ఆ తర్వాత బడి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి పేరు ఇవ్వవచ్చు. చూపు, వినికిడి బాగానే ఉండి, మాటల్లో చురుగ్గా ఉండి, అక్షరాల దగ్గర మాత్రమే ఏడాది పొడవునా తడబడుతుంటే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీతో (ఆ పిల్లలకు చెప్పే టీచరుతో) మాట్లాడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా ఇందులోదే) కూడా ఉంది. అది ఉందో లేదో తేల్చాల్సింది నిపుణులు. స్టాఫ్ రూములో "వాడికి డిస్లెక్సియా" అన్న మాట పుట్టిందంటే, పిల్లవాడికి ప్రయత్నం ఆగిపోతుంది. ట్రైనింగ్‌లో ఈ హద్దు గట్టిగా గీయండి.

రెండో రోజు సాయంత్రం ప్రతి టీచరు ఇంటికి తీసుకెళ్లాల్సినవి మూడే: గుంపుల పేర్లతో పిల్లల జాబితా, మొదటి ఆరు రోజులకు ఒక్కో గుంపు చేసే పని రాసిన కాగితం, చేతితో కోసిన అక్షర కార్డుల కట్ట ఒకటి. కార్డులు ట్రైనింగ్‌లోనే కోయించండి, అట్టలూ కత్తెర్లూ మీరే తెప్పించి పెట్టండి. ఇంటికెళ్లి కోసుకుంటామన్న కార్డులు కోయబడవు.